కుపే గారి కోటు

సూదమ్మ నోరు మూసుకుని ఉన్న రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జ్ఞానదంతం పీకించుకున్న రోజు ఒకటి, గొంతు పూడుకుపోయి డాక్టరు మాట్లాడొద్దన్న వారం ఒకటి, అంతే. కుట్టుపని చేసేవాళ్ళు పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుంటారు కదా, అప్పుడైనా ఊరుకోవచ్చు కదా. ఊరుకోదు. సూదులన్నీ ఎడంపక్కకి సర్దుకుని కుడిపక్కనుంచి మాట్లాడే విద్య ఎప్పుడో పట్టేసింది.

పరాయి దేశంలో వాళ్ళుండే వీధిలో ఆవిడది బట్టలు సరిచేసే కొట్టు. కొత్తవి కుట్టదు. పొడుగు పాంట్లు కురచ చేస్తుంది, బిగిసిన నడుములు వదులు చేస్తుంది, చిరిగిన లైనింగులు మారుస్తుంది, పాడైన జిప్పులు తీసి కొత్తవి వేస్తుంది. వచ్చినవాళ్ళని అద్దం ముందు నిలబెట్టి కొలతలు తీస్తూనే వాళ్ళ మోకాళ్ళ నొప్పులు, ఆఫీసు తగాదాలు, పిల్లల మార్కులు అన్నీ కూపీ లాగేస్తుంది. మాటల్లో పడి, తెచ్చిన పాంటు చేతిలోనే పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. ఆవిడకి అసలు పేరొకటి ఉండేది గానీ పాతికేళ్ళ కిందటే అది వాడుక తప్పింది.

అలాంటి మనిషితో కన్నకూతురు ఏమందో వినండి. "అమ్మా, నువ్వేం మాట్లాడక్కర్లేదు. నవ్వుతూ కూర్చో చాలు."

పిల్ల తప్పేం లేదు లెండి. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం దానిది. కళ్ళజోళ్ళ కొట్లో పనిచేసే కుర్రాణ్ణి ఇష్టపడింది. కుర్రాడు బంగారం. ఇంగ్లీషు గలగలా మాట్లాడతాడు. కానీ అతన్ని కన్న తల్లికి ఫ్రెంచి తప్ప మరో భాష ముక్క రాదు. ఆవిడ ఆరు వారాల్లో వస్తున్నారు, నాలుగు రోజులుంటారు, కాబోయే వియ్యాలవారిని చూసుకుని వెళ్తారు. మధ్యలో మాట అటూ ఇటూ చేరవెయ్యడానికి, అతని దగ్గర ఫ్రెంచి నేర్చుకున్న కూతురూ, కాబోయే అల్లుడూ ఎలాగూ ఉంటారు, అమ్మ కంగారుపడి అడ్డదిడ్డంగా ఏదో అనడం దేనికి, నవ్వు సరిపోతుంది అని కూతురి లెక్క.

సూదమ్మకి ఆ మాట ముల్లులా దిగింది. ఆ రాత్రి భోజనాల దగ్గర మొగుడితో చెప్పుకుంది. బస్సు నడిపి వచ్చిన మనిషి, ఆకలి మీదున్నాడు, "నవ్వడం తేలికే కదోయ్" అన్నాడు. దాంతో ఇంకా మండింది. నా కూతుర్ని ఇంకో ఇంటికి పంపుతూ ఆ ఇంటి పెద్దదానితో నాలుగు ముక్కలు నా నోటితో నేను మాట్లాడుకోలేనా, దీనికి మొండితనం ఎక్కువని, అలిగితే అన్నం మానేస్తుందని, పొద్దున్నే పలకరిస్తే కరుస్తుందని ఎవరు చెప్తారు, పెళ్ళికూతురే తర్జుమా చేసి చెప్తుందా అని నిలదీసింది. ఆయన కంచంలోకి వంగి ముద్ద కలుపుకున్నాడు. ఆవిడ మాత్రం ఆ క్షణంలోనే నిశ్చయించేసుకుంది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

మర్నాడు పాత పుస్తకాల కొట్లో ఒక పుస్తకం దొరికింది. రోజూ వాడే ఫ్రెంచి క్రియలు, వాటితో వచ్చే మాటలు, నలభై పాఠాలు. పాఠానికో క్రియ. అయితే అది ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ కోసం రాసిన పుస్తకం. సూదమ్మ ఇంగ్లీషు కొట్టు ఇంగ్లీషు. కట్, లెట్ అవుట్, టూ టైట్, టుమారో ఈవెనింగ్, అంతవరకు దొరసాని. అంటే ఒక గోడ ఎక్కి దాని మీంచి ఇంకో గోడ ఎక్కాలన్నమాట. మొదటి రెండు రోజులు పుస్తకం తెరిచి, ఆవులించి, మూసేసింది.

మూడోరోజు ఒక సంగతి కనిపెట్టి ఎగిరి గంతేసింది. ఫ్రెంచిలో ఎదుటివాళ్ళని పిలవడానికి రెండు మాటలున్నాయట, దగ్గరవాళ్ళకి ఒకటి, గౌరవానికి ఒకటి. ఇంగ్లీషువాళ్ళకి అది ఎంతకీ మింగుడుపడదని పుస్తకం నాలుగు పేజీలు బతిమాలుతూ రాసింది. సూదమ్మ ఆ నాలుగు పేజీలూ చదవనే లేదు. నువ్వు, మీరు. దానికింత గోలేమిటి?

అక్కణ్ణుంచి ధైర్యం వచ్చింది. ఆకలేస్తే ఇంగ్లీషువాడు నేనే ఆకలిని అన్నట్టు చెప్తాడు. ఫ్రెంచివాళ్ళు నాకు ఆకలి ఉంది అంటారు. ఉంటుంది మరి, తినగానే పోతుంది. చలి సంగతి చూస్తే ఇంకా విచిత్రం. ఫ్రెంచిలో చలి చేస్తోంది అంటారట. పుస్తకం అదేదో వింతలా కింద చిన్న అక్షరాల్లో వివరణ ఇచ్చుకుంది, ఎవరు చేస్తున్నారని అడగొద్దు, అలా అనడం అలవాటు అని. సూదమ్మ ఆ పేజీ పట్టుకుని కొట్లో కోత మేస్త్రి దగ్గరికి పరిగెత్తింది. "చూశావా బాబాయ్, చలి చేస్తోంది అంటారట. మన మేనత్త కూతుళ్ళలా ఉన్నారు" అంది. మేస్త్రి కళ్ళద్దాల మీంచి చూసి, తల పంకించి, మళ్ళీ కత్తెరలోకి వెళ్ళిపోయాడు.

మేస్త్రి గురించి చెప్పాలి. కొట్టు తెరిచిన నాటినుంచీ కోత పని ఆయనదే. వరసకేం కాడు గానీ బాబాయ్ అని పిలుస్తుంది. సూదమ్మ ఎంత మాటకారో ఆయన అంత పొదుపరి. ఆయనతో ఏదైనా చెప్పాలంటే చీటీ మీద రాయాలి. కొట్టు పద్ధతే అది. ప్రతి బట్టకీ ఒక చీటీ, గుండుసూదితో గుచ్చి. మొదట మనిషి పేరు, పక్కన చెయ్యాల్సిన పని, చివర్న ఎన్ని సెంటీమీటర్లో అంకె. చీటీ మీద లేనిది ఆయన చెయ్యడు, ఉన్నది చెయ్యక మానడు. చీటీ మీద రాస్తే చొక్కాకి మూడో చెయ్యి కూడా కుడతాడని సూదమ్మ ఎగతాళి చేస్తుంది గానీ, ఇన్నేళ్ళలో ఆయన చేతిలో ఒక్క బట్ట చెడింది లేదు.

ఫ్రెంచి చదువు కూడా ఆవిడ కొట్టు పద్ధతిలోనే పెట్టింది. కూర్చుని బట్టీపట్టడం ఆవిడ ఒంటికి పడదు. చేతిలో పని ఉంటేనే బుర్ర పనిచేస్తుంది. అందుకని మూడు రోజులకో పాఠం పెట్టుకుని, ఆ పాఠంలో క్రియని చీటీ మీద రాసి, చేతిలో ఉన్న బట్టకి గుచ్చి, కుడుతున్నంతసేపూ పైకి అనుకునేది. పాంటు అంచు అయ్యేసరికి మాట నాలుక మీద కూర్చునేది. మాట వచ్చేశాక ఆ చీటీ తీసి మూలనున్న గుడ్డబొమ్మకి గుచ్చేది. తలా చేతులూ లేని ఆ బొమ్మ కోట్లు తొడిగి చూసుకోవడానికి.

మొదట్లో ఒక తమాషా జరిగింది. బ్యాంకులో పనిచేసే ఆయన పాంటు తీసుకెళ్ళాడు, జేబులో చీటీ ఉండిపోయింది. ఫ్రెంచి ముక్క ఆయనకి తెలీదు గానీ పక్కన ఇంగ్లీషులో నాకు ఆకలిగా ఉంది అని ఉంది. మర్నాడు పొద్దున్నే రెండు పెద్ద బ్రెడ్లు, అరడజను గుడ్లు సంచీలో వేసుకుని వచ్చి, ఇబ్బందిగా ఉంటే ఒక మాట చెప్పాల్సింది, జేబులో రాసి పెట్టడం దేనికని మెల్లిగా అన్నాడు పాపం. సూదమ్మ కడుపుబ్బ నవ్వి, ఆయనకి టీ ఇచ్చి, గుడ్లు మాత్రం వెనక్కివ్వలేదు. ఆ రోజే కొట్లో కొత్త చట్టం వచ్చింది. తెల్ల చీటీ పనికి, ఆకుపచ్చ చీటీ ఫ్రెంచికి. ఆకుపచ్చది నీ కంటికి కనబడకూడదు బాబాయ్ అని మేస్త్రికి చెప్పింది. ఆయన సరేనన్నట్టు తలూపాడు.

ఆరు వారాలు ఇట్టే గడిచాయి. పదకొండు పాఠాలయ్యాయి. ఉండడం, కలిగి ఉండడం, వెళ్ళడం, రావడం, చెయ్యడం, తీసుకోవడం, తినడం, తాగడం, ఇలా. గుడ్డబొమ్మ ఒంటినిండా ఆకుపచ్చ చీటీలతో పచ్చగా తయారైంది. సూదమ్మ అద్దం ముందు నిలబడి పలకరింపులు వల్లించింది. బోంజూర్ మదామ్, మీ రాక మాకు సంతోషం, ప్రయాణం బాగా జరిగిందా, కూర్చోండి, ఏం తీసుకుంటారు. మొగుడు విని విని మెర్సీ అనే మాట పట్టేసి, బస్సు దిగేవాళ్ళందరికీ పంచిపెట్టాడు.

వియ్యపురాలు శుక్రవారం సాయంత్రం కూతురు ఉంటున్న ఫ్లాటులో దిగింది. సన్నగా, నిటారుగా, తెల్లజుట్టు మెడ దాకా కత్తిరించుకుని, ముదురు నీలం రంగు పొడుగు కోటులో ఉంది. పోస్టాఫీసులో ఉత్తరాలు ఊళ్ళవారీగా వేరుచేసే పని ముప్పై ఏళ్ళు చేసి ఈమధ్యే మానేసిందట. సూదమ్మ ముందుకెళ్ళి బోంజూర్ మదామ్ అంది. అనాల్సింది కాదేమో. ఆవిడ మొహం వెలిగిపోయి, ఈవిడకి ఫ్రెంచి వచ్చుననుకుని, రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు మాట్లాడ్డం మొదలెట్టింది. అందులో ఒక్క మాటకీ తలా తోకా దొరకలేదు. పదకొండు పాఠాలూ కట్టకట్టుకుని ఎటు పోయాయో పోయాయి. సూదమ్మ నవ్వింది. ఆవిడ ఏదో అడిగింది. సూదమ్మ మళ్ళీ నవ్వింది. కూతురు కల్పించుకుని ఫ్రెంచిలో జవాబు చెప్పి, తల్లి చెయ్యి ఆప్యాయంగా నిమిరింది.

గంటసేపు, దేవుడా, గంటసేపు బుగ్గలు నొప్పెట్టేదాకా నవ్వుతూ కూర్చుంది. కూతురు ఏం చెయ్యమందో సరిగ్గా అదే చేసింది. కొట్లో నలుగురినీ ఆడించే మనిషి అక్కడ మూగనోము పట్టినదానిలా ఉండిపోయింది. మధ్యలో ఒక్కటే మంచి జరిగింది. కుర్చీ మీద వేసిన ఆ నీలం కోటు లోపల లైనింగు అంచు ఊడి వేలాడుతుండటం కంట పడింది. చూసి ఊరుకోవడం ఆవిడ వల్ల కాదు. కోటు తీసి, ఊడిన చోటు చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకుని సైగ చేసింది. వియ్యపురాలికి అర్థమై తల వంచింది. శనివారం మూడింటికి కొట్టుకి వచ్చి తీసుకుంటుందని అల్లుడు చెప్పాడు.

ఇంటికొస్తూ దారిలో మొగుడు బాగానే జరిగిందన్నాడు. సూదమ్మ కోటు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు, సోమవారం పొద్దున్న ప్రయాణం. ఈ లోపల ఆవిడతో ఒక్క నిజమైన మాటైనా ఆడకపోతే, ఇక జీవితాంతం తను నవ్వే వియ్యపురాలుగానే మిగిలిపోతుంది. పెళ్ళికీ నవ్వే, మనవలు పుట్టినా నవ్వే.

శనివారం పొద్దున్నే పట్టుదలగా పన్నెండో పాఠం తెరిచింది. కుపే. కత్తిరించడం. రొట్టె కత్తిరించాను, ఆపిల్ కత్తిరించాను, జుట్టు కత్తిరించుకున్నాను. ఇన్నేళ్ళుగా పొద్దస్తమానం చూస్తున్న పని, ఇదైనా రాదా అనుకుని చీటీ రాద్దామని చూస్తే ఆకుపచ్చ కాగితాలు అయిపోయాయి. సరే, ఈ ఒక్కటికేం అనుకుని పనిచీటీల పుస్తకంలోంచి తెల్లకాగితం చింపింది. అలవాటు ప్రకారం మొదట ఫ్రెంచి మాట, పక్కన ఇంగ్లీషు అర్థం, చివర్న పాఠం అంకె వేసింది. కుపే, కట్, పన్నెండు. నీలం కోటు కాలరుకి గుచ్చింది. లైనింగు కుడుతూ వల్లించుకోవచ్చని.

సూదిలో దారం ఎక్కించేలోగా ఫోను మోగింది. రెండు వీధుల అవతల మూడో అంతస్తులో ఉండే పెద్దాయనకి కాలు విరిగి కట్టు వేశారు, ఆ కట్టు పట్టేలా పాంటు వెడల్పు చెయ్యాలి, ఇప్పుడే వచ్చి కొలత తీసుకోమని ఆయన చెల్లెలు. కోటు కోతబల్ల పక్క కొక్కేనికి తగిలించి వెళ్ళింది. పెద్దాయన కాలు విరిగిన వైనం మొదట్నుంచీ చెప్పాడు, ఈవిడ మొదట్నుంచీ వింది. తిరిగి వచ్చేసరికి గంటన్నర పట్టింది.

మేస్త్రి ఇస్త్రీపెట్టె ఆర్పుతున్నాడు. ఎప్పుడూ నోరు విప్పని మనిషి ఆ రోజెందుకో తనంతట తనే చెప్పాడు. "ఆ కుపే గారి కోటు అయిపోయిందమ్మాయ్. పన్నెండు తీసేసి అంచు కుట్టేశాను. లోపల లైనింగు ఊడితే అదీ పట్టేశాను. మంచి గుడ్డ."

సూదమ్మకి ఒక్క క్షణం ఏం అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. పై ప్రాణాలు పైనే పోయాయి. మోకాళ్ళు దాటి ఉండాల్సిన కోటు మోకాళ్ళ పైనే ఆగిపోయి, అంచు కత్తిలా ఇస్త్రీ అయి, కొక్కేనికి ఠీవిగా వేలాడుతోంది. కోసిన ముక్క మేస్త్రి పారెయ్యలేదు, ఏ ముక్కా పారెయ్యడు. మడతపెట్టి చీటీతో సహా జేబుకి గుచ్చాడు.

అది పేరు కాదు బాబాయ్, అది పాఠం అని చెప్పేసరికి ఆయన మొహం నెత్తుటి చుక్క లేకుండా పోయింది. ఇన్నేళ్ళలో చెడిన మొదటి బట్ట. తెల్లచీటీ కదమ్మాయ్ అని మాత్రం అన్నాడు. అవును, తెల్లచీటీ. ఆయన చేసింది ఆయన పద్ధతిలో అక్షరాలా సరైన పని. తప్పంతా తనదే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిపోవడమంటే ఇదే.

కూతురికి ఫోను చేసింది. ఆస్పత్రిలో ఉంది, డ్యూటీ అయిదింటిదాకా. విషయమంతా వింది. తరవాత, కోటు ఇంకా అవలేదని సైగ చెయ్యి, నవ్వుతూ కూర్చోబెట్టు, నేను అయిదింటికి వచ్చి నెమ్మదిగా సర్దిచెప్తాను, నువ్వు మాత్రం ఏం అనకు అంది. మంచి సలహానే. మేస్త్రి, నేను చెడగొట్టానని నన్ను చూపించెయ్యమ్మా అన్నాడు. అదీ తేలికైన దారే. సూదమ్మ రెండూ విని, పుస్తకం తెరిచింది. కోసింది తన చీటీ, చెప్పాల్సింది తన నోరు. ఇదొక్కటీ కూతురు తర్జుమా చేస్తే ఇక ఫ్రెంచి నేర్చీ ఒకటే, నేర్వకా ఒకటే.

పుస్తకంలో రొట్టె కోయడం ఉంది గానీ వియ్యపురాలి కోటు కోయడం లేదు. పన్నెండో పాఠంలోంచి కోశాను అనే మాట తీసుకుంది. తీసుకోవడం పాఠంలో కోటు దొరికింది. నా తప్పు అనే మాట పుస్తకం చివర్న మర్యాదల పేజీలో ఉంది. మూడింటినీ కలిపి పదిసార్లు, ఇరవైసార్లు పైకి అంది. మేస్త్రికి కూడా వచ్చేసింది.

సరిగ్గా మూడింటికి గంట మోగి తలుపు తెరుచుకుంది. కొడుకు వీధిలోనే దింపి వెళ్ళాడు, వియ్యపురాలు ఒక్కతే వచ్చింది. సూదమ్మ నవ్వలేదు. కోటు రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పరిచి, నిటారుగా నిలబడి, చెప్పాల్సింది చెప్పేసింది.

"ఝె కుపే వోత్ర్ మాంతో. సె మ ఫోత్, మదామ్. పార్దోం." మీ కోటు కోసేశాను, తప్పు నాది, మన్నించండి.

వియ్యపురాలు కోటు వంక చూసింది. ఎత్తి భుజాలకి ఆనించుకుంది. అద్దంలో చూసుకుంది. అంచు ఉండాల్సిన చోట గాలి ఉంది. కనుబొమలు పైకి లేచాయి, ఆ తరవాత వడగళ్ళు మొదలయ్యాయి. కోపమో ఏడుపో తెలియదు గానీ వేగం మాత్రం నిన్నటిదే. నిన్నైతే సూదమ్మ నవ్వేది. ఇవాళ అరచెయ్యి పైకెత్తింది, కొలతలప్పుడు కదిలే పిల్లల్ని ఆపేటట్టు.

"లాంత్‌మాం, సిల్ వు ప్లే." మెల్లిగా, దయచేసి.

ఆవిడ ఠక్కున ఆగింది. సూదమ్మ కళ్ళలోకి చూసింది. తరవాత ఒక్కటే మాట, అక్షరం అక్షరం విడదీసి అంది. "పుర్క్వా?" ఎందుకు?

ఎందుకో చెప్పేంత ఫ్రెంచి సూదమ్మ దగ్గర లేదు. జేబుకున్న చీటీ ఊడదీసి ఆవిడ చేతిలో పెట్టింది. వియ్యపురాలు కళ్ళజోడు పెట్టుకుంది. ముప్పై ఏళ్ళు జనం గిలికిన రాతలు చదివిన మనిషి. చీటీ చదివి, వెనక్కి తిప్పి, మళ్ళీ చదివింది. సూదమ్మ పుస్తకం తెచ్చి పన్నెండో పాఠం వేలితో చూపించింది. ఆ తరవాత మేస్త్రిని చూపించి, గాలిలో కత్తెర ఆడించింది. మేస్త్రి తల వంచుకున్నాడు. ఆవిడకి సగం అర్థమైనట్టుంది, చుట్టూ చూసింది. అప్పుడు మూలనున్న బొమ్మ కంట పడింది.

దగ్గరికి వెళ్ళింది. ఒక చీటీ చదివింది. ఇంకోటి చదివింది. ఉండడం, వెళ్ళడం, రావడం. నాకు ఆకలి ఉంది. చలి చేస్తోంది. మీరు కూర్చోండి. మీరు ఏం తీసుకుంటారు. మీ ప్రయాణం బాగా జరిగిందా. ఒక్కోటీ పది పదిహేను సార్లు, వంకర టింకర రాతతో, కొట్టివేతలతో, బొమ్మ వీపు దాకా. వియ్యపురాలు బొమ్మ చుట్టూ పూర్తిగా తిరిగి వచ్చింది. ఈ ఆరు వారాలూ ఈ మనిషి ఎవరి కోసం కూర్చుని ఇదంతా రాసిందో చెప్పడానికి ఎవరి తర్జుమా అక్కర్లేకపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

అప్పుడు ఆవిడ చేసిన పని చూసి మేస్త్రి కూడా తలెత్తాడు. గబగబా బొమ్మకున్న చీటీలన్నీ ఊడబెరికి, కోతబల్ల మీద అంకెల ప్రకారం వరసలుగా పడేసింది. ఒకటి ఇక్కడ, రెండు ఇక్కడ, తొమ్మిది అక్కడ. చెయ్యి కంటికి ఆనకుండా ఆడుతోంది. ఆఖరున తెల్లచీటీ తీసుకుని, ఆకుపచ్చ వరసల మధ్య పెట్టి, వేలితో తట్టి, నవ్వుతూ మెల్లిగా ఏదో చెప్పడం మొదలెట్టింది. ఉత్తరం, సంచీ, ఊరు అన్నవి సైగల వల్ల తెలిశాయి. వెళ్ళడం, రావడం మాత్రం సూదమ్మ చెవులతోనే పట్టుకుంది. ఒకసారి తనూ ఒక్క చీటీ మార్చి కట్టిందట, ఒక ఊరి ఉత్తరాల సంచీ మొత్తం ఇంకో ఊరు వెళ్ళిపోయిందట, అది వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టిందట. సూదమ్మ మూడు వేళ్ళు చూపించి, మూడు వారాలా అని ఫ్రెంచిలో అడిగింది. ఆవిడ అవునంటూ తల కొట్టుకుంది. ఇద్దరూ బల్ల పట్టుకుని నవ్వారు. ఈసారి సూదమ్మ బుగ్గలు నొప్పెట్టలేదు.

ఇక కోటు. బట్టలు సరిచేసే మనిషికి తన తప్పు సరిచెయ్యడం ఒక లెక్కా? కోసిన ముక్క తెచ్చి అంచుకి ఆనించి, మధ్యలో అతుకు కనబడకుండా నల్ల మఖమల్ పట్టీ పెట్టి చూపించింది. వియ్యపురాలు దూరంగా జరిగి చూసి, ఇంకాస్త వెడల్పు పట్టీ కావాలని వేళ్ళతో చెప్పింది. మేస్త్రి కత్తెర తీసుకుని, మొదటిసారిగా చీటీ లేకుండా, నోటిమాట మీద పట్టీ కోశాడు. వియ్యపురాలు ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, తనకీ ఒక సూది ఇమ్మంది. చెరో చివరనుంచీ కుట్టడం మొదలెట్టారు.

సూదమ్మ దగ్గర పదకొండున్నర పాఠాలే ఉన్నాయి. అయితేనేం, పిల్లని గురించి చెప్పడానికి అవే బోలెడు. పొద్దున్న నా కూతురు మాట్లాడదు, తింటుంది, అప్పుడు మాట్లాడుతుంది. కోపం ఉంటే తినదు. మీరు ఆగండి, వస్తుంది. వియ్యపురాలు ప్రతి ముక్కకీ తలూపి, తప్పు పలికిన చోట సరిచేసి, నా కొడుకూ అంతే, జుట్టు కత్తిరించబోతే బల్ల కింద దూరేవాడు అని కుపే అనే మాటని పనిగట్టుకుని ఒత్తి చెప్పింది. సూదమ్మ ఆ మాట ఇక ఈ జన్మకి మర్చిపోదు.

అయిదుంపావుకి తలుపు దభాలున తెరుచుకుంది. కూతురు రొప్పుతూ వచ్చింది, ఆస్పత్రి బట్టల్లోనే, దారి పొడుగునా ఫ్రెంచిలో క్షమాపణలు కూడబలుక్కుంటూ. లోపల చూస్తే కోటు బల్ల నిండా పరిచి ఉంది, ఇటు తల్లి, అటు అత్తగారు, మధ్యలో మేస్త్రి ఇస్త్రీపెట్టె వేడి చేస్తున్నాడు. అత్తగారు ఏదో అంటోంది, అమ్మ దానికి ఫ్రెంచిలో జవాబిస్తోంది, ఆ జవాబుకి అత్తగారు పగలబడి నవ్వుతోంది. పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మా, ఆవిడ ఏమన్నారు? నేను చెప్పనా?" అని అడిగింది.

సూదమ్మ తలెత్తింది. నోట్లో అయిదారు గుండుసూదులున్నాయి. వాటిని ఎడంపక్కకి సర్దుకుంది.

"నువ్వేం మాట్లాడక్కర్లేదే" అంది కుడిపక్కనుంచి. "ఆ స్టూలు లాక్కుని నవ్వుతూ కూర్చో, చాలు."